నలుగురు ఒకేసారి మాట్లాడిన రికార్డింగు: ఎవరి గొంతు వాళ్ళకు విడదీయడం సాధ్యమేనా?

మగ్గంకథలు (చీరాల)

అందరికీ నమస్కారం. చీరాల, పేరాల చుట్టుపక్కల చేనేత పెద్దల చేత పాత సంగతులు చెప్పించి రికార్డు చేస్తున్నాను. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టబోమని జనం ఇళ్ళు వదిలేసి రామ్‌నగర్‌లో పాకలు వేసుకున్న కథను తమ తాతల నోట విన్నవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడిగితే "ఏముంది బాబూ చెప్పడానికి" అంటారు. నలుగురిని ఒకచోట చేర్చామా, ఒకరిని ఒకరు సరిదిద్దుకుంటూ పాటలు కూడా ఎత్తుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. అసలైన ఘట్టం రాగానే నలుగురూ ఒక్కసారే మొదలుపెడతారు.

గది 12 అడుగులకు 14 అడుగులు. కింద టైల్స్, పైన స్లాబు, ఫ్యాన్ తిరుగుతోంది. టేబుల్ ఈ చివర ఒక ఫోను, ఆ చివర ఒక ఫోను, మధ్యలో చేతిలో పట్టేంత స్టీరియో రికార్డరు పెట్టాను. మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే ఒకాయన వాక్యం తలకు ఇంకొకాయన వాక్యం తోక అతికించి ఇస్తోంది. చేతిలో మూడు రికార్డింగులున్నాయి కదా, వాటిని కలిపి ఎవరి మాట వాళ్ళకు విడదీయగలమా? నేను చరిత్ర చదివినవాణ్ణి. పైథాన్ ప్రోగ్రామింగు మా మేనల్లుడు చూసుకుంటాడు.

మోడల్ రన్నర్ (డాలస్)

ఇది ఇప్పుడు పెద్ద పనే కాదండీ. ఒక్క మైకులో పడిన ఇద్దరి గొంతులను కూడా విడదీసే న్యూరల్ మోడళ్ళు (ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రాములు) ఉచితంగా దొరుకుతున్నాయి. కాన్వ్-టాస్‌నెట్, దాని తర్వాత వచ్చినవీ. మీ మూడు ఫైళ్ళలో బాగా వినపడేది ఒకటి ఎంచుకుని అందులో వేయండి. మిగతా రెండూ పక్కన పెట్టేయొచ్చు.

నల్లకుంట డీఎస్పీ (హైదరాబాద్, పోలీసు కాదు, సిగ్నల్ ప్రాసెసింగ్)

పక్కన పెట్టకండి సార్, ఆ రెండిట్లోనే అసలు సమాచారం ఉంది.

మోడల్ రన్నర్ గారు చెప్పిన మోడళ్ళు చాలావరకు డబ్ల్యూఎస్‌జే0-2మిక్స్ అనే డేటా మీద నేర్చుకున్నవి. ఒక్కొక్కరూ ఒంటరిగా అమెరికన్ పత్రిక వాక్యాలు చదివారు. ఆ రికార్డింగులను తర్వాత కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి కలిపారు. అందులో ఫ్యాన్ లేదు, గది ప్రతిధ్వని లేదు, ఒకరి మాటకు ఇంకొకరు నవ్వడం లేదు. దాని మీద 2019 నాటి కాన్వ్-టాస్‌నెట్ 15 డెసిబెల్స్ దాకా మెరుగుదల చూపించింది. స్లాబు గదిలో కూర్చున్న చీరాల పెద్దల మీద ఆ అంకె ఆశించకూడదు.

రెండో దారి దిశ. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. రెండు మైకులు 10 సెం.మీ. దూరంలో ఉంటే, పక్క నుంచి వచ్చే మాట ఒక మైకుకు చేరాక రెండోదానికి చేరడానికి 0.29 మిల్లీసెకను ఎక్కువ పడుతుంది. ఎదురుగా ఉన్నవాళ్ళ మాట రెండిటికీ ఒకేసారి చేరుతుంది. మిగతావాళ్ళు ఈ రెండిటి మధ్యలో పడతారు. ఆ ఆలస్యం కొలిస్తే మనిషి ఏ కోణంలో ఉన్నాడో తెలుస్తుంది. కోణం తెలిశాక అటు నుంచి వచ్చేదాన్ని నిలబెట్టి, తక్కినదాన్ని తగ్గించవచ్చు.

కానీ ఇదంతా ఒక షరతు మీద నడుస్తుంది. మైకులన్నీ ఒకే క్లాకు మీద ఉండాలి. మీ రెండు ఫోన్లకు లోపల సమయం కొలిచే క్రిస్టల్ క్లాకులు వేర్వేరు. వాటి మధ్య పది లక్షలకు 20 వంతుల తేడా ఉందనుకుందాం. అది మామూలే. నిమిషానికి 1.2 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. ఆ వ్యవధిలో ధ్వని 41 సెం.మీ. ప్రయాణిస్తుంది. అంటే కదలకుండా కూర్చున్న తాతగారు నిమిషం గడిచేసరికి లెక్కలో పక్క కుర్చీలోకి జరిగిపోతారు. గంట రికార్డింగులో ఆయన ఇంట్లోనే ఉండరు.

కాబట్టి మొదటి ప్రశ్న: ఫైళ్ళను జతచేయడానికి గుర్తుగా రికార్డింగు మొదట్లో, చివర్లో చప్పట్లు కొట్టారా?

మగ్గంకథలు

లేదండీ. చప్పట్లు కొట్టాలని అప్పుడు తట్టలేదు. అయితే మొదట్లో వంటింట్లోంచి కుక్కర్ విజిల్స్ వినపడతాయి. చివర్లో టీ ఇస్తుంటే స్టీలు గ్లాసు కింద పడింది. పనికొస్తాయా?

నల్లకుంట డీఎస్పీ

గ్లాసు బంగారం. విజిల్ అంతగా కాదు.

విజిల్ చాలాసేపు ఒకే స్వరంలో సాగుతుంది. రెండు రికార్డింగుల్లోని విజిళ్ళను ఒకదాని మీద ఒకటి జరుపుతూ పోలిస్తే ప్రతి ఆవర్తనానికీ ఒకచోట సరిపోయినట్టే కనిపిస్తుంది. అన్నిట్లో ఏది సరైనదో తేలదు. గ్లాసు పడిన చప్పుడు టక్కున మొదలవుతుంది, అందులో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉంటాయి, కనుక సరిపోయే చోటు ఒక్కటే వస్తుంది. మొదటి భాగంలో అలాంటి చప్పుడు ఇంకొకటి వెతకండి. తలుపు గడియ, దగ్గు, టేబుల్ మీద చేత్తో చరచడం, ఏదైనా సరే. రెండు చోట్ల తేడా దొరికితే మధ్యలో క్లాకు ఎంత జరిగిందో గీత గీసినట్టు లెక్కకట్టి ఒక ఫైలును రీశాంపిల్ చేయొచ్చు, అంటే రెండోదానికి సరిపోయేలా కాస్త సాగదీయడమో, కుదించడమో. ఏమీ దొరక్కపోతే ఒకరే మాట్లాడుతున్న ముక్కలను తీసుకుని వాటితోనే తేడా కొలుస్తూ పోవాలి. ఆ పద్ధతిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకో సంగతి. ఆ ఫైళ్ళను మేనల్లుడికి వాట్సాప్‌లో ఆడియోగా పంపకండి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు యథాతథంగా వెళ్తుంది, లేదా డ్రైవ్‌లో పెట్టండి. కుదించిన ఆడియోలో చెవికి తేడా తెలియదు గానీ మనకు కావాల్సిన సూక్ష్మమైన ఫేజు వివరం (అల ఏ క్షణంలో ఏ దశలో ఉందన్నది) చెడుతుంది.

ఓరుగల్లు ఈసీఈ (వరంగల్)

డీఎస్పీ అన్నా, నాకో డౌటు. 343 మీటర్లు అనేది 20 డిగ్రీల దగ్గర కదా. మే నెలలో చీరాలలో 40 డిగ్రీలుంటే ధ్వని వేగం 355 అవుతుంది. కోణం తప్పు రాదా?

నల్లకుంట డీఎస్పీ

వస్తుంది తమ్ముడూ, కానీ కొంచెమే. వేగంలో తేడా మూడున్నర శాతం. 45 డిగ్రీల దగ్గర కూర్చున్న మనిషి మహా అయితే 2 డిగ్రీలు పక్కకు కనిపిస్తాడు. గదిలో ఎండ కంటే గోడలు ఎక్కువ అల్లరి చేస్తాయి. ఉష్ణోగ్రత రాసి పెట్టుకోవడం మంచి అలవాటే, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

బూమ్‌రాడ్ (విశాఖపట్నం)

నేను సౌండ్ రికార్డిస్టును. ఇంత లెక్క ఎందుకు సార్? నాలుగు కాలర్ మైకులు, నాలుగు ట్రాకుల రికార్డరు ఒకటి. కథ అయిపోయింది. ఎవరి నోటికి వాళ్ళ మైకు 20 సెం.మీ. దూరంలో ఉంటుంది, పక్కాయన నోరు మీటరున్నర దూరంలో ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. లెక్కేస్తే పక్కాయన గొంతు 17 డెసిబెల్స్ కిందికి పోతుంది. అన్నీ ఒకే రికార్డరులోకి వెళ్తాయి కనుక మీ క్లాకు గొడవ కూడా ఉండదు. సాఫ్ట్‌వేర్‌తో వారం రోజులు కుస్తీ పట్టినా 17 డెసిబెల్స్ రావు.

మగ్గంకథలు

ఆ ప్రయత్నం ఒక ఇంట్లో జరిగిందండీ. పెద్దాయన వైరు చూడగానే "టీవీ వాళ్ళా?" అని అడిగి చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళారు. తిరిగొచ్చి సభలో ఉపన్యసించినట్టు మాట్లాడారు. మాకు కావాల్సింది ఆ గొంతు కాదు. మిగతావాళ్ళు కండువా సర్దుకున్నప్పుడల్లా మైకులో బరబరా రాపిడి.

బూమ్‌రాడ్

కండువాకు మందుంది. మైకును చొక్కా లోపల, ఛాతీ ఎముక మీద టేపుతో అంటించాలి. ఉపన్యాసానికి మాత్రం మా దగ్గర మందు లేదు.

మోడల్ రన్నర్

మగ్గంకథలు గారు డ్రైవ్‌లో పెట్టిన ముక్క మీద నేను మోడల్ నడిపించాను. ఫలితం పైన జతచేశాను. ఆడ గొంతు శుభ్రంగా విడిపోయింది. మగ గొంతుల దగ్గర మాత్రం వింతగా ఉంది. మొదటి సగం ఒక ఫైలులో ఉన్నాయన మధ్యలో రెండో ఫైలులోకి దూకేశాడు.

మగ్గంకథలు

విన్నానండీ. ఆ ఇద్దరూ అన్నదమ్ములు. ఫోనులో మాట్లాడితే వాళ్ళ ఇళ్ళవాళ్ళే ఒకరనుకుని ఇంకొకరితో మాట్లాడేస్తారు.

నల్లకుంట డీఎస్పీ

ఇక్కడే రెండు దారుల తేడా కనపడుతుంది. ఒక్క మైకు మీద నడిచే మోడల్‌కు దొరికే ఆధారం గొంతు తీరు మాత్రమే. శ్రుతి, స్వరపు రంగు, మాట నడక. అన్నదమ్ముల్లో అవి కలిసిపోతాయి. కానీ ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చోలేరు కదా. దిశకు గొంతు పోలికతో పనిలేదు. దిశ ఓడిపోయేది ఎక్కడంటే, మైకు నుంచి చూస్తే ఇద్దరూ ఒకే వరసలో, ఒకరి వెనక ఒకరు ఉన్నప్పుడు. అక్కడ గొంతు తీరే ఆధారం. మంచి పద్ధతులన్నీ ఈ రెండిటినీ కలిపి వాడతాయి.

ఒక హెచ్చరిక కూడా. రెండే మైకులు వరసగా ఉంటే ముందు, వెనక తేడా తెలియదు. మైకుల గీతకు అటు 40 డిగ్రీల్లో కూర్చున్నా, ఇటు 40 డిగ్రీల్లో కూర్చున్నా ఆలస్యం ఒకటే. అందుకే గుండ్రంగానో, చతురస్రంగానో మూడు, నాలుగు మైకులు పెడతారు.

మీ స్టీరియో రికార్డరు గురించి: దాని తల మీద రెండు మైకులు ఒకదానికొకటి అడ్డంగా, ఎక్స్ ఆకారంలో ఉన్నాయా?

మగ్గంకథలు

అవునండీ, అలాగే ఉన్నాయి.

నల్లకుంట డీఎస్పీ

అయితే వాటి మధ్య ఆలస్యం దాదాపు సున్నా. రెండూ ఒకే బిందువు దగ్గర ఉంచి వేర్వేరు వైపులకు తిప్పిన మైకులు. వాటిలో సమయం తేడా కోసం వెతికితే అందరూ నట్టనడుమ కూర్చున్నట్టే వస్తుంది. గట్టితనంలో తేడా మాత్రం ఉంటుంది, ఎడమవైపు వాళ్ళు ఎడమ మైకులో కాస్త ఎక్కువ వినపడతారు. దాన్ని వాడుకోవాలి. మేనల్లుడు ఇది తెలియకుండా ఆలస్యం కొలిచే కోడ్ నడిపితే కోడ్‌లో బగ్ ఉందనుకుని రాత్రంతా కూర్చుంటాడు.

వినికిడి (విజయవాడ)

ఆడియాలజిస్టును. మీ మైకులు చేస్తున్నది మన చెవులు చేసే పనే. తల అడ్డం వల్ల ఒక చెవికీ ఇంకో చెవికీ మధ్య ఎక్కువలో ఎక్కువ 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది. సుమారు 1500 హెర్ట్జ్ లోపు ధ్వనులకు మెదడు ఆ ఆలస్యాన్ని వాడుకుంటుంది. అంతకు పైన తల నీడ పడి దూరపు చెవిలో ధ్వని తగ్గుతుంది కనుక ఆ గట్టితనపు తేడాను వాడుకుంటుంది. లార్డ్ రేలీ 1907లోనే ఈ రెండింటినీ విడగొట్టి చెప్పాడు. డీఎస్పీ గారు చెప్పిన ఫోన్ల జంట మొదటిదైతే, ఎక్స్ ఆకారపు రికార్డరు రెండోది.

నలుగురిలో ఒకరి మాట ఎలా పట్టుకుంటామన్న ప్రశ్నను ప్రయోగంతో తేల్చడానికి కూర్చున్నవాడు కాలిన్ చెర్రీ, 1953లో. ఒకే మనిషి గొంతుతో రెండు వేర్వేరు సందేశాలను కలిపి రెండు చెవులకూ వినిపిస్తే, విడదీయడానికి వినేవాళ్ళు నానా తంటాలు పడ్డారు. అవే రెండింటిని చెవికొకటిగా ఇస్తే సులువుగా ఒకదాన్ని పట్టుకున్నారు. కానీ రెండో చెవిలో ఏం చెప్పారని అడిగితే దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. మధ్యలో భాష మార్చేసినా చాలామంది గమనించలేదు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే మాత్రం తెలిసింది.

అన్నదమ్ముల ముక్క విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ ప్రయోగమే.

కొత్తపేట అబ్బాయి (గుంటూరు)

మేడమ్, సంబంధం ఉందో లేదో గానీ అడుగుతున్నా. మా నాన్నగారు ఒక చెవికి మిషన్ పెట్టుకుంటారు. ఇంట్లో బాగానే వింటారు. పెళ్ళికి వెళితే అరగంటలో తీసి జేబులో వేసుకుంటారు. ఖరీదైనదే కొన్నాం.

వినికిడి

సంబంధం ఉందండీ. రెండు చెవులకూ లోపం ఉన్నవారికి ఒక్క చెవికే మిషన్ పెడితే, మైకు ఒకటి మూసేసి దిశ కనుక్కోమన్నట్టే. మిషన్ వచ్చిన శబ్దాన్నంతా పెంచుతుంది, బ్యాండు మేళంతో సహా. చాలా మిషన్లలో చెవి వెనక భాగంలోనే రెండు చిన్న మైకులుంటాయి, సుమారు ఒక సెం.మీ. దూరంలో. ఎదుటి మాటను నిలిపి వెనకది తగ్గించడానికి. ఆ డైరెక్షనల్ ప్రోగ్రాం ఆన్‌లో ఉందో లేదో చూపించండి. పెళ్ళిలో ఆయన్ను గోడకు వీపు పెట్టి, స్పీకర్లు వెనక్కి వచ్చేలా కూర్చోబెట్టండి. రెండో చెవికి పరీక్ష చేయించి, అవసరమైతే రెండింటికీ పెట్టించే విషయం మీ ఆడియాలజిస్టుతో మాట్లాడండి. మాట వచ్చే వైపు తల తిప్పి చూడటం కూడా నేర్చుకోవాలి. ఆ మైకులు ముక్కు ఎటుంటే అటే వింటాయి.

మోడరేటర్

వినికిడి యంత్రాల చర్చకు వేరే దారం తెరిచాను, కొత్తపేట అబ్బాయి గారు అక్కడ కొనసాగించండి. ఇక్కడ రికార్డింగు సంగతే.

ఓరుగల్లు ఈసీఈ

మా ప్రాజెక్టు కోసం చదివింది రాస్తున్నా, తప్పులుంటే అన్నలు సరిచేయండి.

ఆలస్యం కొలవడానికి అందరూ వాడేది జీసీసీ-ఫాట్. నాప్, కార్టర్ 1976 పేపరు. రెండు మైకుల సిగ్నళ్ళ ఫ్రీక్వెన్సీలను పోల్చేటప్పుడు ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందన్నది వదిలేసి ఫేజు తేడా ఒక్కటే ఉంచుతారు. అప్పుడు మాటలోని ఎగుడుదిగుడులు అడ్డం రాకుండా ఆలస్యం దగ్గర సన్నటి శిఖరం లేస్తుంది. ఇద్దరు మాట్లాడితే రెండు శిఖరాలు. గోడల వల్ల దొంగ శిఖరాలు కూడా వస్తాయి.

మన దగ్గర జరిగిన పని ఒకటి నాకు బాగా నచ్చింది. బయ్య యజ్ఞనారాయణ గారు, ఐఐటీ మద్రాసు తర్వాత ఐఐఐటీ హైదరాబాద్‌లో పనిచేసిన ప్రొఫెసర్, ఆయన బృందం వేరే వైపు నుంచి వచ్చారు. మనం మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు వంద, రెండు వందల సార్లు టపటపా మూసుకుంటాయి. మూసుకున్న ప్రతిసారీ ఒక బలమైన తాపు. గదిలో మాట ఎంత చెదిరినా, నేరుగా వచ్చిన ధ్వనిలో ఆ తాపుల మధ్య ఎడం రెండు మైకుల్లోనూ ఒకేలా ఉంటుంది. గోడల నుంచి వచ్చిన తాపుల వరస అంత నిలకడగా కుదరదు. కాబట్టి సిగ్నల్‌ను మొత్తంగా కాకుండా ఆ తాపులను పైకి తీసి పోల్చారు. ప్రతిధ్వని ఉన్న గదుల్లో ఆలస్యం కొలవడం మీద 2005లో, రెండు మైకుల నుంచే ఎంతమంది మాట్లాడుతున్నారో లెక్కపెట్టడం మీద 2007లో పేపర్లు వచ్చాయి. చిన్న చిన్న ముక్కలుగా తీసి ఆలస్యాలను కొలుచుకుంటూ పోతే అవి ఎన్ని చోట్ల గుంపులు కడితే అంతమంది.

పదివేల గంటల డేటా లేకుండా, గొంతు ఎలా పనిచేస్తుందో తెలిసి చేసిన పని. మోడల్ రన్నర్ అన్న కోప్పడకూడదు.

మోడల్ రన్నర్

కోపమేం లేదు తమ్ముడూ. అది దిశ కనుక్కోవడం వరకు. దిశ తెలిశాక విడదీసేదెలా?

ఓరుగల్లు ఈసీఈ

మూడు రకాలుగా చూశాను. ఒకటి బీమ్‌ఫార్మింగ్. కావాల్సిన దిశకు తగ్గట్టు అన్ని మైకుల సిగ్నళ్ళనూ జరిపి కలపడం. నాలుగు మైకులైతే మైకు మైకుకూ సంబంధం లేని రొద మీద 6 డెసిబెల్స్ లాభం. ఎంవీడీఆర్ అయితే ఇంకా తెలివైనది, కావాల్సిన దిశను ముట్టుకోకుండా మిగతా శక్తిని వీలైనంత తొక్కుతుంది.

రెండోది దిశ చెప్పకుండానే విడదీసేది. స్వతంత్రమైన సిగ్నళ్ళు కలిస్తే వాటిని గణాంకాలతో విడగొట్టడం, ఐసీఏ. బెల్, సెజ్నోవ్‌స్కీల 1995 పేపరుతో బాగా పేరొచ్చింది. గదిలో దీన్ని ఫ్రీక్వెన్సీకొకసారి చేయాలి, అప్పుడు ఒక ఫ్రీక్వెన్సీలో మొదటి గొంతుగా వచ్చింది ఇంకో ఫ్రీక్వెన్సీలో రెండోదిగా వస్తుంది. 2006లో వచ్చిన ఐవీఏ ఆ ముడి విప్పింది. ఒక మనిషి గొంతులోని ఫ్రీక్వెన్సీలన్నీ కలిసి లేస్తాయి, కలిసి పడతాయి అన్నదే కిటుకు. దీనికి మనుషులెంతమందో కనీసం అన్ని మైకులుండాలి. పైరూమ్‌అకౌస్టిక్స్ అనే పైథాన్ లైబ్రరీలో రెడీగా ఉంది.

మూడోది మాస్కు, ఒకరి ధ్వని ముక్కలను ఉంచి మిగతావాటిని కప్పేయడం. డ్యూయెట్ అని 2000లో మొదట వచ్చినది, రెండు మైకులతోనే ఎక్కువమందిని విడదీస్తుంది. ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ గడి చూసినా అది దాదాపు ఒకరిదే అయి ఉంటుందని నమ్ముతుంది. ఇద్దరి దాకా ఆ నమ్మకం నిలబడుతుంది. నలుగురూ కలిసి కేకలేస్తే నిలబడదు, నీళ్ళలో మాట్లాడినట్టు గులగుల వస్తుంది.

నల్లకుంట డీఎస్పీ

బాగా రాశావు. ఒకటి చేరుస్తాను. ఆరుబయట నాలుగు మైకులు మూడు దిశలను పూర్తిగా మూసేయగలవు. గదిలో ఒక్కో గొంతూ గోడల నుంచి డజన్ల దిశల్లో వస్తుంది. ఎన్ని మూస్తాం? అందుకే పుస్తకంలో చూసిన లాభం ఇంట్లో సగం కూడా రాదు. మైకుల మధ్య దూరం కూడా చూసుకోవాలి. అలల పొడవులో సగం మించితే ఒక దిశ ఇంకో దిశలా కనిపించడం మొదలవుతుంది. 4 కిలోహెర్ట్జ్ వరకు నిజాయితీగా పనిచేయాలంటే దూరం సుమారు 4 సెం.మీ. ఉండాలి. మరీ దగ్గరగా పెడితే కింది ఫ్రీక్వెన్సీల్లో తేడా అసలు తెలియదు.

మగ్గంకథలు గారి పరిస్థితికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది కైమ్-5, ఇంటి కబుర్ల రికార్డింగులను రాతగా మార్చే పరిశోధకుల పోటీ, 2018. 20 ఇళ్ళలో నలుగురేసి స్నేహితులు వండుకుని, తిని, కబుర్లు చెప్పుకుంటుంటే ఇంటింటా 6 కినెక్ట్ పరికరాలతో (మైక్రోసాఫ్ట్ వారి కెమెరా, మైకులున్న పరికరం) రికార్డు చేశారు. ఒక్కోదానికి నాలుగు మైకులు. అక్కడా క్లాకులు కలవలేదు. తర్వాతి పోటీ కైమ్-6లో రికార్డింగులను సరిగ్గా జతచేసి మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ డేటా మీద బాగా పనిచేసినది పాడర్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్ళ గైడెడ్ సోర్స్ సెపరేషన్. ఎవరు ఎప్పుడు మాట్లాడారో మనం ముందే చెప్పేస్తాం. ఒంటరిగా మాట్లాడిన చోట్ల ఆ మనిషి గొంతు మైకులన్నిటికీ ఎలా చేరుతుందో అది నేర్చుకుంటుంది. కలిసి మాట్లాడిన చోట ఆ పరిచయంతో విడదీస్తుంది.

ఎవరు ఎప్పుడు మాట్లాడారన్నది మీరు ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో లేబుల్స్ పెట్టి చేత్తో గుర్తించండి. యంత్రం కంటే మీకే బాగా తెలుసు, మీకు ఆ మనుషులు తెలుసు గనక.

క్యోటో తెలుగోడు (జపాన్)

ఇక్కడ హార్క్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. క్యోటో యూనివర్సిటీ, హోండా పరిశోధన సంస్థ కలిసి 2008లో విడుదల చేశాయి. రోబోలు ఒకేసారి చాలామంది మాట వినడానికి పనికొచ్చేది. దిశ కనుక్కోవడం, విడదీయడం, గుర్తుపట్టడం ఒకదాని తర్వాత ఒకటిగా గొలుసులా కట్టుకోవచ్చు. జపాన్ వాళ్ళకు ఈ సమస్య చెప్పగానే షోతోకు యువరాజు గుర్తొస్తాడు. పదిమంది ఒకేసారి మొరపెట్టుకున్నా అందరికీ విడివిడిగా జవాబు చెప్పాడని ఐతిహ్యం. మనవాళ్ళు అష్టావధానం గుర్తుచేసుకుంటారు గానీ అందులో పృచ్ఛకులు ఒకరి తర్వాత ఒకరే అడుగుతారు. నిజంగా ఒకేసారి వచ్చేది ఘంటానాదం ఒక్కటే, అది మాట కాదు. అవధాని గారి కష్టం ధారణలో ఉంది, విడదీయడంలో కాదు.

బూమ్‌రాడ్

అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఆగుతాడా అండీ.

సరే, కాలర్ మైకులు వద్దంటే గదిని బాగు చేయండి. మళ్ళీ రికార్డు చేసేటప్పుడు నేల మీద జంపఖానా పరవండి, పెద్దల వెనక గోడకు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. చీరాలలో నేత ఇంట్లో గుడ్డకు కరువా? ఫ్యాన్ గాలి మైకుకు నేరుగా తగలకూడదు. ఆ గాలి దెబ్బ ఏ మైకుకు ఆ మైకుకు వేరుగా ఉంటుంది, డీఎస్పీ గారి లెక్కలు కూడా దాన్ని పట్టుకోలేవు. పెద్దవాళ్ళున్నారు, ఫ్యాన్ కట్టేయమని నేను చెప్పను. పక్కకు తిప్పే టేబుల్ ఫ్యాన్ పెట్టండి. మైకును టేబుల్ మీద జానెడు ఎత్తులో నిలబెట్టకండి. టేబుల్ నుంచి తిరిగొచ్చిన ధ్వని కలిసి గొంతు బోలుగా అవుతుంది. టేబుల్‌కు అంటుకునేలా పడుకోబెట్టండి.

నల్లకుంట డీఎస్పీ

పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మైకుల విషయానికొస్తే, ఒకే బోర్డు మీద నాలుగు మైకులుండి యూఎస్‌బీతో లాప్‌టాప్‌కు తగిలించేవి దొరుకుతాయి. రీస్పీకర్ అలాంటిది. వాటిలో ఒక చిన్న మెలిక ఉంది. బోర్డులో ఏ ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) ఉందన్నదాన్ని బట్టి ఒకే ఛానల్ రావచ్చు, అది అప్పటికే శుభ్రం చేసిన ధ్వని. మనకు నాలుగు మైకుల ముడి ధ్వని కావాలి, కనుక ఆరు ఛానళ్ళ ఫర్మ్‌వేర్ ఉండాలి. 16 కిలోహెర్ట్జ్ మాత్రమే ఇస్తుంది, మాటకు చాలు. పాటలు కూడా ఉన్నాయి కాబట్టి మీ స్టీరియో రికార్డరు దాని పక్కనే నడవనివ్వండి.

మగ్గంకథలు

పాత రికార్డింగు గురించి చెప్తాను. గ్లాసు చప్పుడు, మొదట్లో ఎవరో టేబుల్ మీద చరిచిన చప్పుడు పట్టుకుని మేనల్లుడు ఫోన్లను జతచేశాడు. నేను లేబుల్స్ పెట్టాను. లేబుల్స్ పెడుతుంటే తెలిసిందేమిటంటే, నలుగురూ కలిసి మాట్లాడిన చోట్లు నేననుకున్నదానికంటే తక్కువ. చాలావరకు ఇద్దరే. ఇద్దరున్న చోట గైడెడ్ పద్ధతి బాగా పనిచేసింది, అన్నదమ్ములు కూడా విడిపోయారు, పెద్దాయన చెప్పిన రామ్‌నగర్ పాకల వర్ణన మొత్తం వచ్చింది. నలుగురూ ఉన్న చోట మాత్రం రాలేదు.

ఒక చోట సాఫ్ట్‌వేర్ మార్చి, ధ్వనిని శుభ్రం చేసే వేరే న్యూరల్ పరికరం వాడితే "పన్ను" అన్నది "పన్నెండు" అయింది. అసలులో ఆ తర్వాతి శబ్దం దగ్గులో కలిసిపోయి ఉంది.

మోడల్ రన్నర్

అది జరుగుతుంది. మాస్కు వాడేవి ఉన్నదాన్ని తగ్గించడమో, వదలడమో చేస్తాయి. ధ్వనిని కొత్తగా పుట్టించే రకం ఖాళీని తనకు తోచినదాంతో పూరిస్తుంది. వినడానికి హాయిగా ఉంటుంది, సాక్ష్యానికి పనికిరాదు. చరిత్ర పనికి ఆ రకం వాడొద్దని నేనే చెప్తున్నా. అసలు ఫైళ్ళు ముట్టుకోకుండా దాచండి. విడదీసిన ప్రతి దగ్గర ఏ పద్ధతితో చేశారో రాయండి. ఎవరి మాటో తేలని చోట తేలలేదనే రాయండి.

వినికిడి

ఇంకొక మాట. విడదీశాక పక్కకు తిరిగి గుసగుసగా అన్న మాటలు కూడా పైకి వస్తాయి. చుట్టాల గురించి, అప్పుల గురించి. ఆ పెద్దలు ఒప్పుకున్నది అందరి ముందు చెప్పిన కథకు. బయట పెట్టేముందు వాళ్ళకు వినిపించండి.

మగ్గంకథలు

నిజమే మేడమ్, ఇప్పటికే అలాంటి ముక్క ఒకటి వచ్చింది. తీసేస్తున్నాను.

మళ్ళీ ఆదివారం కూర్చుంటున్నాం. బోర్డు వచ్చింది, దుప్పట్లకు చెప్పాను. నలుగురినీ ఎలా కూర్చోబెట్టాలి?

నల్లకుంట డీఎస్పీ

బోర్డు చుట్టూ నాలుగు దిక్కులకూ ఒక్కొక్కరు, మీటరు దూరంలో. అన్నదమ్ములను పక్కపక్కన వద్దు. మొదలుపెట్టగానే ఒక్కొక్కరి చేత పేరు, ఊరు చెప్పించండి, ఆ సమయంలో మిగతావాళ్ళు మాట్లాడకుండా చూడండి. ఆ కొద్ది సెకన్లే తర్వాత గంట రికార్డింగును విడదీయడానికి ఆధారం. కుర్చీలు జరిగితే మళ్ళీ చెప్పించాలి.

మగ్గంకథలు

పెద్దాయనకు ఎడమ చెవి వినపడదు, ఆయన కుర్చీ గోడ పక్కనే ఉండాలంటారు. ఆయన్ను కదపలేను. మిగతా ముగ్గురినీ ఆయన కుడివైపుకు వచ్చేలా సర్దితే కోణం తగ్గుతుంది కదా?

నల్లకుంట డీఎస్పీ

ఎంత తగ్గుతుంది? మైకు నుంచి చూస్తే మనిషికీ మనిషికీ మధ్య 40 డిగ్రీలు మిగిలినా చాలు. బోర్డును టేబుల్ మధ్యలో కాకుండా వాళ్ళ వైపుకు జరపండి, కోణాలు వాటంతటవే విచ్చుకుంటాయి.